‘ప్రావో’ అంటే కుడివైపా, తిన్నగానా?

పోలండ్‌లో ఎమ్మెస్ చేస్తున్న ఒక తమ్ముడి సందేహం: “అన్నా, ఇక్కడ ప్రావో అంటే కుడివైపు అని నేర్చుకున్నా. సెలవులకి బల్గేరియా రాజధాని సోఫియా వెళ్తే, దారి అడిగినవాళ్ళు ‘నప్రావో’ అంటూ చెయ్యి మాత్రం ఎదురుగా చూపిస్తున్నారు. ఎవరిది తప్పు?”

ఎవరిదీ కాదు తమ్ముడూ. పోలిష్, రష్యన్, బల్గేరియన్ లాంటి భాషలకి మూలమైన పాత స్లావిక్ భాషలో ‘ప్రావ్’ అంటే తిన్నగా ఉన్నది, వంకర లేనిది. బల్గేరియా, సెర్బియా, ఉత్తర మాసిడోనియా వాళ్ళు దారి చెప్పేటప్పుడు ఆ పాత అర్థాన్నే వాడతారు. పోలండ్, చెక్, రష్యా వైపు అది కుడిచేతి పేరైపోయింది. అందుకే రష్యాలో ‘నప్రావో’ అంటే కుడికి తిరగాలి, సోఫియాలో అదే మాటకి ముందుకి పోవాలి. స్పెల్లింగ్ కూడా ఒకటే! పోలండ్‌లో తిన్నగా వెళ్ళమనడానికి ‘ప్రోస్తో’ అంటారు.

మరి బల్గేరియాలో కుడివైపుని ఏమంటారు? ‘ద్యాస్నో’. సెర్బియాలో ‘దేస్నో’. ఇది మన ‘దక్షిణ’కి చుట్టమే. ప్రదక్షిణ చేసేటప్పుడు దేవుణ్ణి కుడివైపు ఉంచుకుని తిరుగుతాం కదా, ఆ దక్షిణే. సంస్కృతమూ స్లావిక్ భాషలూ ఒకే మూలం నుంచి వచ్చినవి కాబట్టి ఇలాంటివి తగులుతుంటాయి. ఎడమకి మాత్రం టెన్షన్ అక్కర్లేదు. కొంచెం అటూ ఇటూగా అన్నిచోట్లా ‘లెవో’నే.

మనం పిల్లాడితో “తిన్నగా వెళ్ళు” అంటాం, “తిన్నగా ఉండు” అనీ అంటాం. దారికీ నడతకీ ఒకటే మాట. స్లావిక్ భాషలవాళ్ళూ అలాగే వెళ్ళారు, కాకపోతే చాలా దూరం వెళ్ళారు. తిన్ననిది సరైనదైంది, సరైనది చట్టమైంది, హక్కైంది. దాన్నుంచే ‘ప్రావ్ద’, అంటే నిజం. రష్యన్‌లో దానికి ఎదురుమాట ‘క్రివ్ద’, అంటే అబద్ధం. ‘క్రివ్’ అంటే వంకర! చెక్ అధ్యక్షుడి జెండా మీద ఉండే ‘ప్రావ్ద వీతేజీ’ చూసినప్పుడు మన సత్యమేవ జయతే గుర్తొస్తుంది. పోలండ్ అడవుల్లో ఏరుకునే పుట్టగొడుగుల్లో ఒకదాని పేరు ‘ప్రావ్‌జివెక్’, అంటే అసలు సిసలుది. మిగతావన్నీ డూప్లికేట్లని కాబోలు.

పోలండ్‌లో నీకు రోజూ పనికొచ్చేవి ఇవి. డ్రైవింగ్ లైసెన్స్ ‘ప్రావో యాజ్దీ’. ఫోన్ పగిలితే ‘నప్రావా’ అని బోర్డున్న షాపుకి వెళ్ళు. అది రిపేరు, కుడివైపు బాణం కాదు. రెసిడెన్స్ కార్డు గురించి ఆఫీసు నుంచి ఉత్తరం వస్తే ‘పొద్‌స్తావా ప్రావ్నా’ అన్న చోటు వెతుకు. ఏ చట్టం కింద ఆ నిర్ణయం తీసుకున్నారో అక్కడ రాస్తారు. అప్పీలుకి వెళ్ళాలంటే లాయరు ముందు చూసేది ఆ లైనే. చాలామంది అది వదిలేసి కింద సంతకం, తేదీ చూసుకుంటారు.

ఇంకొక్కటి. చెక్ వాళ్ళు ‘ప్రావ్యె’ అంటే ఇప్పుడే, ఈ క్షణంలో అని. పోలిష్‌లో అదే మాటకి ‘దాదాపు’ అని అర్థం. కాబట్టి వార్సాలో ఎవరైనా నీ కాగితాలు ‘ప్రావ్యె గొతోవె’ అంటే పనైపోయిందని ఇంటికి ఫోన్ చేసి చెప్పెయ్యకు, ఇంకా కొంచెం మిగిలుందన్నమాట.