కాపర్-టి వేసేటప్పుడు నొప్పి తెలియకుండా చేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 29 ఏళ్లు. సిజేరియన్‌తో బాబు పుట్టాడు. నెలసరిలో మొదటి నుంచీ కడుపునొప్పి ఎక్కువే. మళ్లీ గర్భం రాకుండా గర్భాశయంలో కాపర్-టి వేయించుకోవాలని ఉన్నా, వేసేటప్పుడు నొప్పి భరించలేకపోయానని మా అక్క చెప్పినప్పటి నుంచి భయంగా ఉంది. నొప్పి తగ్గించే మార్గాలు ఉన్నాయా?

జవాబు: ఉన్నాయి. మీ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం కూడా. కాపర్-టి వేసేటప్పుడు కొందరికి కాసేపు నెలసరి నొప్పిలాంటిదే వస్తుంది, మరికొందరు తీవ్రమైన నొప్పితో బాధపడతారు. సాధారణ కాన్పు కానివారిలో, నెలసరి నొప్పులు ఎక్కువగా ఉన్నవారిలో, ముందు నుంచే ఆందోళనగా ఉన్నవారిలో నొప్పి ఎక్కువయ్యే అవకాశం ఉంది. ఈ మూడూ మీకు వర్తిస్తున్నాయి కనుక, ఈ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పి, నొప్పికి ఏం చేస్తారో అపాయింట్‌మెంట్ రోజుకన్నా ముందే మాట్లాడుకోండి.

నొప్పి మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉండదు. గర్భాశయ ముఖద్వారాన్ని కదలకుండా టెనాక్యులమ్ అనే పరికరంతో పట్టుకున్నప్పుడు చురుక్కుమంటుంది. గర్భాశయం లోతును కొలిచే సన్నని కడ్డీ, ఆ తర్వాత కాపర్-టి ఉన్న గొట్టం ముఖద్వారాన్ని దాటి లోపలికి వెళ్లేటప్పుడు పొత్తికడుపులో మెలిపెట్టినట్టు ఉంటుంది. ఇదంతా సాధారణంగా కొద్ది నిమిషాల్లోనే ముగుస్తుంది.

ముందుగా ఐబుప్రొఫెన్ మాత్ర వేసుకుంటే చాలని చాలామంది అనుకుంటారు. ఆ మాత్ర తర్వాత వచ్చే నొప్పులకు బాగా ఉపయోగపడుతుంది గానీ, వేసే సమయంలోని నొప్పిని పెద్దగా తగ్గించదు. ఆ సమయంలో మేలు చేసేది, ఆ భాగానికి మాత్రమే స్పర్శ తెలియకుండా చేసే లిడోకెయిన్ అనే మత్తుమందు. దీన్ని ముఖద్వారం పక్కన ఇంజెక్షన్‌గా ఇవ్వవచ్చు, లేదా ముఖద్వారంపై జెల్, క్రీమ్, స్ప్రే రూపంలో వాడవచ్చు. ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు కూడా కొంత నొప్పి ఉంటుంది కానీ, మీలాంటి వారికి నేనైతే దాన్నే ముందుగా సూచిస్తాను. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా లిడోకెయిన్ నొప్పి తగ్గించేందుకు ఉపయోగపడవచ్చని చెబుతున్నాయి. ముఖద్వారాన్ని మెత్తబరిచే మిసోప్రోస్టాల్ మాత్రను మాత్రం అందరికీ మామూలుగా వాడవద్దని అవే సూచిస్తున్నాయి. లిడోకెయిన్ గానీ, నొప్పి మాత్రలు గానీ మీకు గతంలో పడకపోయి ఉంటే, అల్సర్, ఉబ్బసం, కిడ్నీ సమస్యలు ఉంటే తప్పక చెప్పండి. బాబుకు ఇంకా పాలిస్తున్నారా అన్నదీ డాక్టర్‌కు తెలియాలి, ఎందుకంటే ఆ కాలంలో, ముఖ్యంగా కాన్పైన తొలి నెలల్లో, గర్భాశయానికి రంధ్రం పడే ముప్పు అరుదే అయినా కాస్త ఎక్కువ.

వేస్తుండగా భరించలేకపోతే “ఆపండి” అని చెప్పే హక్కు మీకుంది, చెప్పగానే డాక్టర్ ఆపాలి. స్థానిక మత్తు సరిపోదనిపిస్తే, సౌకర్యం ఉన్న ఆసుపత్రిలో మగతనిచ్చే మందులతో వేయమని అడగవచ్చు. కొందరికి ఆ సమయంలో కళ్లు తిరిగి చెమటలు పడతాయి కనుక, అయిన వెంటనే లేవకుండా కాసేపు పడుకోండి, తోడుగా ఒకరిని తీసుకెళ్లండి.

తర్వాత కొన్ని రోజులు నొప్పి, కొద్దిపాటి రక్తస్రావం ఉండవచ్చు. వేడినీళ్ల కాపడం, డాక్టర్ సూచించిన మాత్రలతో నొప్పి తగ్గుతుంది. అయితే నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, జ్వరం, దుర్వాసనతో కూడిన స్రావం, అధిక రక్తస్రావం ఉన్నా, యోనిలోకి వేలాడే కాపర్-టి దారాలు చేతికి తగలకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను కలవండి.