అడాప్టర్ 12 వోల్టులు చూపిస్తోంది, రౌటర్ మాత్రం ఆన్ అయి ఆరిపోతోంది

మీ సమస్య ఇదీ కదా: గుంటూరులో మీ ఇంటి రౌటర్ ఆన్ చేస్తే పవర్ లైట్ వస్తుంది, కాసేపటికి లైట్లన్నీ ఒక్కసారి మెరిసి ఆరిపోయి మళ్లీ మొదటికొస్తుంది. మల్టీమీటర్ పెడితే అడాప్టర్ 12 వోల్టులు చూపిస్తోంది. అందుకని బోర్డు పోయిందన్నారు, కొత్తది కొనాలా అని అడిగారు. అప్పుడే కొనకండి. నా అనుమానం ఇంకా అడాప్టర్ మీదే.

నేను విజయవాడలో సీసీ కెమెరాలు బిగిస్తుంటాను. చిన్న కెమెరాలకీ చాలా రౌటర్లకీ ఒకే తరహా 12 వోల్టుల అడాప్టర్ కాబట్టి నా సంచిలో ఎప్పుడూ ఒకటి స్పేర్ ఉంటుంది. కెమెరా పని మీద వెళ్లినప్పుడు "ఇది కూడా ఒకసారి చూడన్నా" అని అటక మీంచి దించిన రౌటర్లలో చాలావరకు ఆ స్పేర్ అడాప్టర్ గుచ్చగానే మామూలుగా పనిచేశాయి.

మరి మల్టీమీటర్ 12 ఎందుకు చూపిస్తోందంటే, మీరు చూసింది లోడ్ (అంటే కరెంటు లాగే వస్తువు) లేనప్పుడు. మీటరు లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. రౌటర్ సంగతి అలా కాదు. మొదట్లో కొద్దిగానే లాగి, ప్రాసెసర్ పూర్తిగా పనిలోకి దిగి వైఫై రేడియో ఆన్ అయ్యేసరికి ఒక్కసారిగా ఎక్కువ అడుగుతుంది. మోటార్ వేయగానే ఇంట్లో లైట్లు డిమ్ అయినట్టు, ముసలి అడాప్టర్ వోల్టేజి అక్కడ జారిపోతుంది. బోర్డు రీసెట్ అవుతుంది. లోడ్ పోయింది కాబట్టి వోల్టేజి మళ్లీ 12కి లేస్తుంది, రౌటర్ మళ్లీ మొదలవుతుంది. మీకు కనిపిస్తున్న ఆట ఇదే.

దీన్ని తేల్చడానికి నేను బైక్ ఇండికేటర్ బల్బు వాడతాను, 12 వోల్టులు 10 వాట్లది. రెండు వైర్లు సోల్డర్ చేసి, చివర కెమెరాలకు వాడే డీసీ జాక్ బిగించి పెట్టుకున్నా. అది దాదాపు 0.8 ఆంపియర్లు లాగుతుంది. మొన్న మొగల్రాజపురంలో ఒక ఇంట్లో అడాప్టర్ ఉత్తినే చూస్తే 12.1 ఉంది. బల్బు తగిలించగానే 9 దగ్గరికి పడి అంకెలు ఊగడం మొదలెట్టాయి, బల్బు మిణుకుమంది, అడాప్టర్ లోపల్నుంచి సన్నగా కీచుమని శబ్దం. ఇక చూడాల్సింది ఏముంది? బల్బు చల్లగా ఉన్నప్పుడు మొదటి క్షణం ఎక్కువ లాగుతుంది, కాబట్టి ఆ ఒక్క తడబాటు చూసి అడాప్టర్ పోయిందనుకోవద్దు. ఒక నిమిషం ఉంచి చూడండి. ఒక ఆంపియర్, ఆపైన రాసున్న అడాప్టర్లకే ఈ పరీక్ష.

బల్బు లేకపోతే ఇంకో దారి: రౌటర్‌కి వైఫై బటన్ ఉంటే వైఫై ఆపేయండి. యూఎస్‌బీ పెన్‌డ్రైవ్, లాన్ కేబుళ్లు అన్నీ పీకేసి ఆన్ చేయండి. అప్పుడు ఎప్పటికంటే ఎక్కువసేపు నిలబడితే పవర్ చాలట్లేదనే అర్థం.

ఇంకో విషయం గుర్తు చేసుకోండి. ఇంతకుముందు కరెంటు పోయి ఇన్వర్టర్‌కి మారినప్పుడు నెట్ ఆగేది కాదు, ఈ మధ్య ప్రతిసారీ రౌటర్ రీస్టార్ట్ అవుతోందా? ఆ కొన్ని మిల్లీసెకన్లు నెట్టుకొచ్చేవి అడాప్టర్‌లోని కెపాసిటర్లే. వాటి లోపలి ద్రవం ఎండిపోతే మొదట బయటపడేది అక్కడే. (ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అది ఎటు ఉందో కూడా చూడండి, మామూలు మోడ్‌లో మారడానికి ఎక్కువ టైమ్ తీసుకుంటుంది.) ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌కి వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుంది. మన మే నెల ఎండలకి, టీవీ వెనక గాలాడని చోట స్పైక్ బస్టర్‌కి అంటుకుపోయి ఉన్న అడాప్టర్ గతి ఏమవుతుందో వేరే చెప్పాలా? దాన్ని విప్పి కెపాసిటర్ మార్చే సాహసం మాత్రం వద్దు. లోపల 300 వోల్టులు దాటిన డీసీ ఉంటుంది, ప్లగ్ పీకాక కూడా కాసేపు నిలవుండొచ్చు.

కొత్తది కొనేటప్పుడు పాతదాని మీద రాసిన వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి. 9 వోల్టుల రౌటర్‌కి 12ది పెట్టొద్దు. ఆంపియర్లు ఎక్కువున్నా ఇబ్బంది లేదు, 1 ఉన్నచోట 2 పెట్టొచ్చు, రౌటర్ తనకు కావలసినంతే తీసుకుంటుంది. పిన్ మధ్యలో ప్లస్సా మైనస్సా అనే బొమ్మ రెండింటి మీదా ఒకేలా ఉందో లేదో చూసుకోండి. పిన్‌లో 5.5 × 2.1, 5.5 × 2.5 మిల్లీమీటర్లని రెండు సైజులున్నాయి. పైకి ఒకేలా కనిపిస్తాయి, కానీ 2.1 చోట 2.5 పెడితే వదులుగా ఉండి, ముట్టుకుంటే ఆరిపోతుంది. రౌటర్‌ని పట్టుకెళ్లి షాపులోనే గుచ్చి చూడటం మేలు.

ఎర్రగా ఎల్‌ఓఎస్ లైట్ (సిగ్నల్ రావట్లేదని చెప్పేది) వెలిగితే అది పవర్ గొడవ కాదు, ఫైబర్ లైన్‌ది. నెట్ కంపెనీ వాళ్లకే ఫోన్ చేయాలి. బాక్స్ కూడా వాళ్లదే అయితే అడాప్టర్ మార్చమని ముందు వాళ్లనే అడగండి.

మంచి అడాప్టర్‌తో కూడా ప్రతిసారీ ఒకే చోట ఆగిపోతుంటే అప్పుడు రౌటర్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్, అంటే ఫర్మ్‌వేర్‌ని అనుమానించాలి, ముఖ్యంగా అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయి ఉంటే. ముందు రీసెట్ బటన్ లోపలికి ఇరుక్కుపోయిందేమో చూడండి. అదీ కాకపోతే రికవరీ పద్ధతి కంపెనీని బట్టి మారుతుంది. టీపీ-లింక్ పాత మోడళ్లు చాలావాటిలో కంప్యూటర్‌కి 192.168.0.66 అని ఐపీ ఇచ్చి, టీఎఫ్‌టీపీతో (నెట్‌వర్క్ మీదుగా ఫైల్ పంపే పద్ధతి) ఫర్మ్‌వేర్ ఫైల్ ఎక్కిస్తాం. అక్కడిదాకా వస్తే రౌటర్ అడుగున స్టిక్కర్ మీదున్న మోడల్, వెర్షన్ నంబర్లు రెండూ ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.