చక్రం ఆనిందని చేయి వదలకు

విజయవాడ

బుజ్జీ,

నువ్వు అడ్డగాలిలో విమానం దించే క్రాస్‌విండ్ ల్యాండింగులు మొదలుపెడుతున్నావని నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. వీధిలో నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

గాలి దిక్కు చూపే విండ్‌సాక్ చూడకుండా దిగకు. సెస్నా 172 విమానం పుస్తకంలో 15 నాట్లని, అంటే గంటకు దాదాపు 28 కిలోమీటర్లని ఉంటుంది. అది కంపెనీ పైలట్ దించి చూపించిన అడ్డగాలి. నీకింకా అంత చేయి తిరగలేదు.

మన గన్నవరం రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది కదా. సాయంత్రం దక్షిణపు గాలి తిరిగితే, విమానాలు కృష్ణ దాటే పడవల్లా ముక్కు గాలివైపు పెట్టుకుని వచ్చి, చివర్లో తిన్నగా అవుతాయి. నువ్వూ ఫైనల్లో, రన్‌వేకి ఎదురుగా దిగే ఆ చివరి దారిలో, అలాగే రా, నేల దగ్గరపడ్డాక ఒక రెక్క వాల్చి దిగే స్లిప్‌లోకి మారు. ఎడమ నుంచి గాలైతే ఎడమ రెక్క దించు, కుడి రడ్డర్ పెడల్ తొక్కు. దించిన రెక్క విమానాన్ని పక్కకు కొట్టుకుపోనివ్వదు, తోకమీది రడ్డర్ ముక్కును సెంటర్‌లైన్ వెంట ఉంచుతుంది. ముందు ఎడమ చక్రమే ఆనాలి. రడ్డర్ చివరిదాకా తొక్కినా ముక్కు తిన్నగా రాకపోతే గో అరౌండ్, దిగకుండా మళ్లీ పైకి లేచిపో. సిగ్గెందుకు?

నాకు నలభై గంటల ఫ్లయింగు కూడా నిండని రోజులు. సెస్నా 152, ఎడమ నుంచి గాలి. మూడుసార్లు బాగానే దించాను. నాలుగోసారి ఎంత మెత్తగా ఆనిందంటే చప్పుడే లేదు. అమ్మయ్య అనుకుని రెక్కలు వాల్చే చేతి పిడి, యోక్‌ను మధ్యకు వదిలేశాను. గాలి వదల్లేదు. ఎడమ రెక్క లేచింది, ముక్కు ఎడమకు తిరిగింది, కుడి రెక్క కొన తారును గీరింది. అట్లకాడతో పెనం గీకిన చప్పుడు. ఇప్పటికీ మీ అత్తయ్య అట్లు పోస్తుంటే నా కుడి కాలు దానంతటదే నేలను తొక్కుతుంది.

దిగాక వేగం తగ్గేకొద్దీ రెక్కల వెనకంచున కదిలే ఐలెరాన్ల పట్టు తగ్గుతుంది. అందుకే యోక్ గాలివైపు ఇంకా తిప్పుతూ పోవాలి, చివరికి పూర్తిగా. పార్కింగులో ఆగేదాకా విమానం నడుపుతున్నట్టే లెక్క. వీడియోలు చూశానన్నావట. వీడియోలో గాలి ఎక్కడ తగులుతుందే, పిచ్చిదానా!

రోజూ ఏమైనా తిని వెళ్లు. ఖాళీ కడుపుతో స్లిప్ చేస్తే కళ్లు తిరుగుతాయి.

ఈ ఉత్తరం మీ అమ్మకు చూపించకు. రెక్క గీరిన సంగతి దానికి ఇప్పటికీ తెలియదు.

మీ మామయ్య