డల్లాస్‌లో ట్రక్కు కొన్న తమ్ముడికి టైర్ల సంగతి

నెల రోజులు ఉందామని అమెరికా నుంచి చెన్నై వచ్చాను, పెరంబూరులో అమ్మ దగ్గరే ఉంటున్నాను. పక్క వాటాలో ఉండే నెల్లూరు వాళ్ళ అబ్బాయి ఆర్నెల్ల కిందట డల్లాస్ వెళ్ళి పాత ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కు ఒకటి కొన్నాడు. టైర్లు అరిగిపోయాయట. పాత ట్రెయిలర్ ఒకటి లాగుతానంటే షాపువాడు పది ప్లైల టైర్లే, అంటే బాగా బరువు మోసే గట్టి టైర్లే, వేసుకోమన్నాడట, "అన్నా, వేయించమంటావా?" అని రాత్రి ఫోన్ చేశాడు. కొత్తగా వెళ్ళినవాళ్ళు చాలామంది నన్ను ఇదే అడుగుతుంటారు, అందుకే అందరికీ పనికొచ్చేలా రాస్తున్నాను. అక్కడ ట్రక్కు అంటే మన లారీ కాదు, వెనక తొట్టి ఉండే పికప్.

తమ్ముడూ, ముందు డ్రైవర్ తలుపు తీసి, అది మూసుకునే చోట అంటించిన స్టిక్కర్ చూడు. కంపెనీ ఏ సైజు టైరు వేసిందో, గాలి ఎంత ఉండాలో, మనుషులూ సామానూ కలిపి ఎంత బరువు ఎక్కించవచ్చో అన్నీ దాని మీదే ఉంటాయి. షాపువాడి మాట ఆ తర్వాతే.

టైరు పక్కన పి275/65ఆర్18 114టి లాంటిది రాసి ఉంటుంది. మొదట్లో పి ఉంటే కార్ల తరహా టైరు, ఎల్‌టీ ఉంటే బరువు పనికి చేసింది. 114 అంటే ఒక్కో టైరు 2,601 పౌండ్లు మోస్తుంది, కానీ పి టైరును పికప్‌కి వేస్తే ఆ అంకెను 1.1తో భాగించుకోవాలి, అంటే దాదాపు 2,365. నువ్వు 5,000 పౌండ్ల ట్రెయిలర్ తగిలించావనుకో, అందులో 10 నుంచి 15 శాతం, అంటే 500 నుంచి 750 పౌండ్లు, నీ బండి వెనక భాగం మీద కూర్చుంటుంది. అది కూడా స్టిక్కర్ మీది బరువు లెక్కలోకే వస్తుంది. ఏడాదికి రెండు మూడుసార్లు లాగేవాడికి, కంపెనీ ఇచ్చిన అంకెకు తగ్గకుండా మంచి హైవే టైరు వేసుకుంటే సరిపోతుంది. వారం వారం బరువు లాగేవాడికైతే నేనే ఎల్‌టీ వేసుకోమంటాను.

నేనూ మొదట్లో ఒక షాపువాడి మాట విని లోడ్ రేంజ్ 'E' అని రాసి ఉండే ఎల్‌టీ టైర్లు (పది ప్లైలవి అనేది వీటినే), అవి కూడా మట్టిదారికి పనికొచ్చే పెద్ద గళ్ళవి వేయించాను. గాలన్‌కి 19 మైళ్ళిచ్చే బండి 17కి దిగింది. టైరు బరువు, గోడలు మందం, గళ్ళు పెద్దవి, ఇంజిన్‌కి తిప్పడమే కష్టం. ఆ వేసవిలో అమ్మ వచ్చింది. బ్రిడ్జి మీద అతుకు వచ్చిన ప్రతిసారీ వెనక సీట్లో నడుం పట్టుకుని కూర్చునేది, అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమనేది. నలభై వేల మైళ్ళు అలాగే తిరిగాం, ఆ డబ్బంతా వృథా.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పి టైరు తీసేసి ఎల్‌టీ వేసి, గాలి మాత్రం స్టిక్కర్ మీది 35 పీఎస్‌ఐయే పెడితే, అది పాత టైరు మోసినంత కూడా మోయదు. అదే బరువుకు ఎల్‌టీకి గాలి ఎక్కువ కావాలి. ఎంత కావాలో టైరు కంపెనీ వాళ్ళ లోడ్ పట్టిక చూసి పెట్టించుకో.

మొన్న మాధవరంలో ఒక లారీ డ్రైవర్ ఇనప రాడ్డుతో వెనక జంట టైర్లను ఒక్కొక్కటే కొట్టుకుంటూ వస్తున్నాడు. ఒకదాని దగ్గర చప్పుడు మెత్తగా వచ్చింది, వెంటనే ఆగి క్లీనర్‌ని కేకేశాడు. బయలుదేరే ముందు ఆ చూపు మనకీ ఉండాలి. డాష్‌బోర్డు మీద లైటు వెలిగే దాకా ఆగకు, చాలా బండ్లలో గాలి 25 శాతం తగ్గితే గానీ అది వెలగదు. చిన్న గేజీ ఒకటి కొనుక్కుని, నెలకోసారి, బండి కనీసం మూడు గంటలు ఆగి ఉన్నాక చూసుకో. గాలి సరిగ్గా ఉంటే మైలేజీ సగటున 0.6 శాతం, కొన్నిసార్లు 3 శాతం దాకా మెరుగవుతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క.

కొనేటప్పుడు టైరు మీద డీఓటీ (DOT) అని మొదలయ్యే నంబరులో చివరి నాలుగంకెలు చూడు. 2323 అంటే 2023లో 23వ వారం తయారైందని. ఎప్పటినుంచో గోడౌన్‌లో మూలిగినది అంటగడితే వద్దను.

ట్రెయిలర్‌కి ఎస్‌టీ అని రాసిన టైర్లు వేరే ఉంటాయి, వాటిమీద వేరే వేగం రాసి లేకపోతే గంటకు 65 మైళ్ళు దాటకు. ఆ ట్రెయిలర్ పాతదే అన్నావు కదా, శనివారం లోపు దాని టైరు పక్కభాగం ఫొటో, నీ తలుపు దగ్గరి స్టిక్కర్ ఫొటో రెండూ పంపించు, ఏ సైజు కొనాలో నేను చూసి చెబుతాను.