టిక్ ఫీవర్ టాబ్లెట్‌ని పెరుగన్నంలో కలిపి పెట్టొచ్చా?

ప్రశ్న: మా జిమ్మీకి మూడేళ్లు, దేశవాళీ కుక్క, బరువు 20 కిలోలు. జ్వరం, నీరసంగా ఉంటే రక్తపరీక్ష చేయించాం. టిక్ ఫీవర్ (ఎర్లీకియా) అని తేలింది. డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. టాబ్లెట్ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి చొప్పున 28 రోజులు వేయమన్నారు. టాబ్లెట్ ఉమ్మేస్తోందని పొడి చేసి పెరుగన్నంలో కలుపుతున్నాం. ఒక్కోసారి కక్కేస్తోంది. పది రోజులకే చలాకీగా తిరుగుతోంది. మనిషికి ఇచ్చేంత మోతాదు కుక్కకి అవసరమా? ఇక ఆపేయొచ్చా? పక్కింటి వాళ్ల పిల్లికి కాలి మీద పుండు ఉంది. మిగిలిన టాబ్లెట్లు దానికి ఇవ్వొచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అన్నిటికంటే ముందు ఆ పెరుగన్నం మానేయండి. పాలు, పెరుగు, పనీర్‌లో ఉండే కాల్షియం ఈ మందును పేగులోనే పట్టేసుకుంటుంది. అలా పట్టుబడిన మందు రక్తంలోకి చేరకుండా మలంతో పోతుంది. పాతకాలం టెట్రాసైక్లిన్‌తో పోలిస్తే డాక్సీసైక్లిన్‌కు ఈ బెడద కొంత తక్కువే. అయినా పది రోజులుగా వేసిన ప్రతి డోసూ పెరుగుతోనే వెళ్లిందంటే, జిమ్మీకి ఎంత మందు అందిందో చెప్పలేం. ఈ విషయం మీ డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పండి. కోర్సు పొడిగించాలో లేదో ఆయన నిర్ణయిస్తారు. మీ అంతట మీరు రోజులు పెంచకండి.

క్లినిక్‌లో నేను తరచూ చూసేది ఇంకొకటి ఉంది. టిక్ ఫీవర్ వచ్చిన కుక్కకు రక్తం పట్టాలని ఐరన్ టానిక్, బలానికి కాల్షియం సిరప్ కూడా మొదలుపెడతారు. అన్నీ ఒకేసారి నోట్లో పోస్తే పని అయిపోతుందనుకుంటారు. ఐరన్ కూడా ఈ మందుకు అడ్డే. టాబ్లెట్‌కూ వీటికీ మధ్య రెండు మూడు గంటల తేడా ఉంచండి. పెరుగన్నం లేనిదే జిమ్మీకి పూట గడవదంటే మధ్యాహ్నం పెట్టుకోండి.

వాంతికి ఎక్కువగా కారణం ఈ మందు కడుపులో మంట పెట్టడమే. అందుకే ఖాళీ కడుపున వేయకూడదు. సగం తిండి తిన్నాక టాబ్లెట్ ఇచ్చి, మిగతా సగం పెట్టండి. పొడి చేస్తే చేదు నోరంతా అంటుకుని చొంగ కారుస్తుంది, రెండోసారి ఆ గిన్నె దగ్గరికే రాదు. పొడి చేయకుండా, ఉడికించిన చికెన్‌తోనో ఇడ్లీ ముక్కతోనో మూడు చిన్న ఉండలు చేయండి. మొదటిది ఉత్తది పెట్టండి. రెండోదాంట్లో టాబ్లెట్ దాచండి. అది నోట్లో ఉండగానే మూడోది ముక్కు ముందు చూపించండి. దాని ఆశలో రెండోది నమలకుండా మింగేస్తుంది. చికెన్ కూరలోంచి తీసిన ముక్క మాత్రం వద్దు, ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు మంచివి కావు. టాబ్లెట్ మింగాక కాసిన్ని నీళ్లు తాగేలా చూడండి. ఇన్ని చేసినా రోజుకు రెండు మూడు వాంతులవుతుంటే డాక్టర్‌కు చెప్పండి. మందు మార్చడమో, వాంతులు ఆగడానికి ఇంకొకటి రాయడమో చేస్తారు. వాంతిలో టాబ్లెట్ పడిపోయిందని అడక్కుండా ఇంకోటి వేసేయకండి. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేయండి. తర్వాతి డోసు వేళ దగ్గర పడితే ఆ పూటకు వదిలేయండి, రెండూ కలిపి వద్దు.

మోతాదు గురించి అనుమానం వద్దు. ఈ జబ్బులో కుక్కకు కిలో బరువుకు రోజుకు 10 మి.గ్రా. ఇస్తాం. జిమ్మీకి 200 మి.గ్రా. సరిగ్గా సరిపోయింది. మనిషి మోతాదుతో పోల్చి సగానికి తగ్గిస్తే జబ్బు తగ్గదు. జంతువుల మందుల్లో మన లెక్కలు పనికిరావు. మనం తేలిగ్గా మింగే పారాసెటమాల్ ఒక్క టాబ్లెట్ పిల్లి ప్రాణం తీయగలదు.

ఇక ఆపేయడం గురించి. డాక్సీసైక్లిన్ పడ్డాక చాలా కుక్కలు ఒకటి నుంచి మూడు రోజుల్లోనే లేచి తిరుగుతాయి. చూసేవాళ్లకు జబ్బు పోయినట్టే ఉంటుంది. కానీ ఈ సూక్ష్మజీవి తెల్లరక్తకణాల లోపల దాక్కుంటుంది. సగంలో ఆపితే నెలల తర్వాత కూడా తిరగబెట్టొచ్చు. అప్పుడు ఎముక మజ్జ దెబ్బతిని, ప్లేట్‌లెట్లు పడిపోయి, ముక్కులోంచి రక్తం కారే స్థితిలో తీసుకొస్తారు. ఆ దశలో నయం చేయడం చాలా కష్టం. 28 రోజులూ పూర్తి చేసి, మీ డాక్టర్ చెప్పిన రోజున ప్లేట్‌లెట్లు మళ్లీ చూపించుకోండి. ఈలోగా చిగుళ్లు తెల్లగా పాలిపోయినా, పొట్ట మీద ఎర్రమచ్చలు కనిపించినా, మూత్రం కాఫీ రంగులో వచ్చినా, టాబ్లెట్ వేసిన కాసేపటికి ముఖం వాచినా అదే రోజు తీసుకెళ్లండి.

పిల్లికి మాత్రం ఇవ్వకండి. కోర్సు పూర్తి చేస్తే మీ దగ్గర అసలు మిగలవు కూడా. పిల్లి ఆహారనాళంలో ఈ టాబ్లెట్ ఇట్టే ఇరుక్కుపోతుంది. అక్కడే పుండుపడి నాళం సన్నబడుతుంది, ఆ తర్వాత ముద్ద దిగదు. అందుకే పిల్లికి ఇది రాసినప్పుడు, టాబ్లెట్ వెనకే సూది లేని సిరంజితో ఐదారు మి.లీ. నీళ్లు చెంప పక్క నుంచి మెల్లగా పట్టమంటాం. అయినా కాలి పుండుకు ఏ మందు కావాలో పుండు చూడకుండా చెప్పలేం. వాళ్లను పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లమనండి. ఇలా పంచుకునే అలవాటు కుందేళ్ల విషయంలో ఇంకా ప్రమాదం. కుక్కకు మామూలుగా వేసే అమాక్సిసిలిన్ కుందేలుకు నోటి ద్వారా ఇస్తే పేగుల్లోని మంచి బ్యాక్టీరియా పోయి, విషం పుట్టి చనిపోవచ్చు.

టిక్ ఫీవర్‌ను అంటించేది గోమార్లే (టిక్స్). అవి ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఈ జబ్బు మళ్లీ రావచ్చు. అవి కుక్క ఒంటి మీదే ఉండిపోవు, కిందికి దిగి గోడ పగుళ్లలో, కుక్క పడుకునే గోనెపట్టా కింద గుడ్లు పెడతాయి. ఒంటికి మందు పూయించి, ఆ చోట్లు కూడా శుభ్రం చేయించండి. పక్కింటి పిల్లి మీ జిమ్మీతో ఆడుకునే రకమైతే గోమార్ల మందు కొనేటప్పుడు షాపులో ఆ సంగతి చెప్పండి. పెర్మెత్రిన్ ఉన్న చుక్కల మందు కుక్కకు ఏమీ చేయదు గానీ, ఆ తడి ఆరకముందే రాసుకుని తిరిగితే పిల్లికి ఫిట్స్ వస్తాయి.