దాతకు చెప్పవలసిన లెక్క, ఫొటోలో ఉన్నవారికి చెప్పవలసిన లెక్క

(పెద్ద సేవాసంస్థలు విరాళాలు అడిగే తీరు గురించీ, వాటిని ఖర్చు చేసే తీరు గురించీ ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పాఠకుల నుంచి కొంతకాలంగా ఉత్తరాలు వస్తున్నాయి. వాటిలో మూడింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.)

ప్రశ్న: నేను మిర్యాలగూడలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయురాలిని. రెండేళ్ల కిందట హైదరాబాదులో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు, ఒక షాపింగ్ మాల్ ముందు మెడలో గుర్తింపు కార్డులు వేసుకున్న ఇద్దరు యువకులు నన్ను ఆపి, ఒక పెద్ద సేవాసంస్థ పేరు చెప్పి, బక్కచిక్కిన పసిపిల్లల ఫొటోలున్న ఆల్బం చూపించారు. అప్పటికప్పుడు ఐదు వందలు ఇస్తానంటే వద్దని, నెలనెలా నా ఖాతా నుంచి 800 రూపాయలు వెళ్లేలా ఒక ఫారం మీద సంతకం చేయించుకున్నారు. ఏడాది తిరగకముందే, ఆ మొత్తాన్ని పెంచమని ఫోన్లు మొదలయ్యాయి. మానుకుందామంటే ఎవరికి చెప్పాలో తెలియలేదు. ఇంటికి మాత్రం నున్నటి కాగితం మీద రంగుల క్యాలెండరు, ఒక గుడ్డ సంచి వచ్చాయి. ఆ యువకులు సంస్థ మనుషులే కారనీ, దాతలను చేర్పించి డబ్బు తీసుకునే ఏజెన్సీ వాళ్లనీ మా అల్లుడు అంటున్నాడు. ఇస్తుంటే మోసపోతున్నానేమో అనిపిస్తోంది, మానేస్తే ఆ పసివాళ్ల నోటి దగ్గరి కూడు లాగేసినట్టు అనిపిస్తోంది. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, ముందుగా ఆపే దారి చెబుతాను. మీరు సంతకం చేసిన ఫారం మీ బ్యాంకుకు మీరిచ్చిన అనుమతి కాబట్టి, దాన్ని వెనక్కి తీసుకునే హక్కు కూడా మీదే. అందుకు సంస్థ ఒప్పుకోవాలని ఎదురుచూడనక్కర్లేదు. పాసుపుస్తకం తీసుకుని మీ శాఖకు వెళ్లి, ఫలానా సంస్థ పేరిట ఉన్న ఆ అనుమతిని (మ్యాండేట్‌ను) రద్దు చేయమని రాసిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. యూపీఐ ఆటోపే ద్వారా కట్టేవారైతే తమ యాప్‌లోనే రద్దు చేసుకోవచ్చు. బ్యాంకు 30 రోజుల్లో పట్టించుకోకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఆపినందుకు మీరు ఎవరి కూడూ లాగేయలేదు. మళ్లీ ఇవ్వాలో వద్దో, ఎవరికివ్వాలో తీరిగ్గా ఆలోచించుకోవడానికి మీ డబ్బును మీ చేతిలోకి తెచ్చుకున్నారు, అంతే.

మీ అల్లుడు గారు చెప్పినది చాలా సంస్థల విషయంలో నిజమే. వీధిలోనూ మాల్ ముందూ నిలబడి దాతలను చేర్పించే పనిని పెద్ద సంస్థలు తరచుగా బయటి ఏజెన్సీలకు అప్పగిస్తాయి. దాతలు ఇచ్చే డబ్బులోంచే ఆ ఖర్చు తీరుతుంది గనుక, కొత్తగా చేరిన దాత మొదటి కొన్ని నెలల్లో కట్టినదంతా తనను చేర్పించిన ఖర్చుకే సరిపోవడం ఈ పద్ధతిలో వింతేమీ కాదు. మీరిస్తానన్న ఐదు వందలను వాళ్లు ఎందుకు వద్దన్నారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది: ఏళ్ల తరబడి కట్టే దాత దొరికితేనే ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది. ఆ సంగతి మీకు ఆ రోజే చెప్పి ఉండవలసింది. సంతకం పెట్టించుకునేటప్పుడు దాచి, పెంచమని అడిగేటప్పుడు కూడా దాచిన సంస్థ మీద మీకు కోపం రావడం న్యాయమే.

చట్టం ఎక్కడ కట్టడి చేస్తుందో, ఎక్కడ వదిలేస్తుందో చూడండి. విదేశాల నుంచి వచ్చే విరాళాల్లో పరిపాలన ఖర్చు 20 శాతం మించకూడదని 2020లో విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని సవరించారు. అంతకుముందు ఆ పరిమితి 50 శాతం ఉండేది. కంపెనీలు సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చులో తమ నిర్వహణ వ్యయం 5 శాతం దాటకూడదని 2021 నాటి నియమాలు చెబుతున్నాయి. మీరూ నేనూ ఇచ్చే డబ్బు దగ్గరికి వచ్చేసరికి ఆదాయపు పన్ను చట్టంలో అలాంటి గీత ఏదీ లేదు. వచ్చిన ఆదాయంలో 85 శాతాన్ని సంస్థ లక్ష్యాల కోసం వినియోగించాలన్న నిబంధన ఉంది గానీ, జీతాలూ ప్రచారమూ కూడా ఆ వినియోగంలో లెక్కకు వస్తాయి. విదేశీ దాతకూ కంపెనీకీ ఉన్న ఆ కాస్త రక్షణ పింఛనులోంచి 800 తీసి ఇచ్చే మనిషికి లేకపోవడం నాకు చాలా అన్యాయంగా కనిపిస్తుంది.

అయితే, శాతం తక్కువగా ఉన్న సంస్థే మంచి సంస్థ అని మాత్రం అనుకోవద్దని వేడుకుంటున్నాను. నేను నల్గొండ జిల్లాలో పుట్టి పెరిగినవాణ్ని. ఫ్లోరైడు నీళ్లు తాగి వంగిపోయిన నడుములనూ, వంకరపోయిన కాళ్లనూ చిన్నప్పటి నుంచి చూశాను. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడు మా ప్రాంతపు బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడును తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించింది, దానికి మా జిల్లా పేరే పెట్టి ‘నల్గొండ టెక్నిక్’ అన్నారు. 2000 దశకం మొదట్లో మర్రిగూడ మండలంలోని ఒక ఊళ్లో ఒక పెద్ద సంస్థ వేరే పద్ధతిలో, యాక్టివేటెడ్ అల్యూమినా గుళికలతో పనిచేసే శుద్ధి యంత్రం పెట్టింది. ప్రారంభోత్సవానికి నేనూ వెళ్లాను. షామియానా వేశారు, నల్లరాతి శిలాఫలకం మీద దాతల పేర్లు చెక్కించారు, వచ్చినవారందరికీ భోజనాలు పెట్టారు. ఏడాదిన్నర తర్వాత అటుగా వెళ్తే శిలాఫలకం అలాగే మెరుస్తోంది, యంత్రానికి తాళం ఉంది, ఊరి ఆడవాళ్లు మళ్లీ పాత బోరు దగ్గరే బిందెలతో నిలబడి ఉన్నారు.

కారణం కనుక్కున్నాను. ఆ గుళికలు ఫ్లోరైడును పట్టుకుని కొంతకాలానికి నిండిపోతాయి. వాటిని మొదట క్షారంతో, తర్వాత ఆమ్లంతో కడిగితేనే మళ్లీ పనిచేస్తాయి. ఆ పని తెలిసిన మనిషి ఒకరు ఉండాలి, మందులు కొనాలి, నీళ్లను పరీక్ష చేయిస్తూ ఉండాలి. మొదటి ఏడాది ఊరి కుర్రవాడొకడికి నెలజీతమిచ్చి నేర్పించారు. రెండో ఏడాది ఆ జీతాన్ని సంస్థ తీసేసింది. ఎందుకు తీసేశారని అడిగితే, దాతలు జీతాలకు ఇవ్వరనీ, యంత్రాలకూ కట్టడాలకూ మాత్రమే ఇస్తారనీ, జీతాలు పెరిగితే నివేదికలో పరిపాలన ఖర్చు ఎక్కువగా కనిపించి దాతలు తగ్గిపోతారనీ ఆ సంస్థ ఉద్యోగి ఒకరు నాతో నిజాయితీగానే చెప్పారు. ప్రతి రూపాయీ నేరుగా పేదవారికే చేరాలన్న దాతల పట్టుదలా, ఆ పట్టుదలకు తగ్గట్టు కాగితాలు దిద్దుకున్న సంస్థ పిరికితనమూ కలిసి ఆ యంత్రానికి తాళం వేయించాయి. షామియానా ఖర్చు ఏ పద్దులో చూపించారో నేను ఊహించగలను: ‘ప్రజా చైతన్యం’ అని రాసి ఉంటారు. పేరుమోసిన చాలా నివేదికల్లో ఆ మాట కింద ఏమేం దాగుతాయో తర్వాతి ఏళ్లలో చూశాను.

అందుకని, మీరు తిరిగి ఇవ్వదలిస్తే సంస్థకు ఒక ఉత్తరం రాయండి. మీ చందాలు సేకరించడానికి గత ఏడాది ఎంత ఖర్చయింది, అందులో బయటి ఏజెన్సీలకు ఎంత వెళ్లింది, ఆడిట్ అయిన లెక్కల ప్రతి ఒకటి పంపగలరా అని అడగండి. పన్ను మినహాయింపు పొందే పెద్ద సంస్థలన్నీ ఏటా లెక్కలను ఆడిట్ చేయించవలసిందే గనుక ఆ ప్రతి వాళ్ల దగ్గర ఉంటుంది. దానితో ఆగకండి, ఎందుకంటే ఆడిటర్ రసీదు ఉందా లేదా అని చూస్తాడు గానీ కుళాయిలో నీళ్లొస్తున్నాయా అని చూడడు. మూడేళ్ల కిందట మీరు మొదలుపెట్టిన పనుల్లో ఇప్పటికీ నడుస్తున్నవి ఏవి, ఆగిపోయినవి ఏవి, ఎందుకాగాయి అని కూడా అడగండి. ఆగిపోయినవాటి గురించి చెప్పగలిగిన సంస్థకు, అది జీతాలకు ఎక్కువే ఖర్చు పెడుతున్నా సరే, నేనైతే ఇస్తాను. జవాబు బదులు మరో క్యాలెండరు వస్తే మీకు సంగతి తెలిసిపోతుంది.

ప్రశ్న: దేవరకొండలో ప్రభుత్వోద్యోగిని. ఒక సంస్థ వారు 5,000 రూపాయలు నగదుగా తీసుకుని, 80జి రసీదు ఇస్తామనీ, సగం డబ్బు పన్నులో తిరిగి వస్తుందనీ చెప్పారు. ఇది నిజమేనా?

జవాబు: రెండు విధాలుగా నిజం కాదు. ‘80జి’గా పేరుపడిన విరాళాల పన్ను నియమం ప్రకారం, 2,000 రూపాయలు మించిన నగదు విరాళానికి మినహాయింపు లేదు. చెక్కు ద్వారానో బ్యాంకు ద్వారానో ఇచ్చి ఉండాలి. ఇక, సగం అంటే మీరిచ్చిన మొత్తంలో సగాన్ని మీ ఆదాయంలోంచి తీసివేసి పన్ను లెక్కిస్తారని అర్థం. 20 శాతం శ్లాబులో ఉన్నవారు 5,000 ఇస్తే, 2,500 మీద పన్ను, అంటే సుమారు 500 రూపాయలు, తగ్గుతుంది. అది కూడా పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే. కొత్త విధానంలో 80జి మినహాయింపు వర్తించదు. సంస్థ మీ పాన్ నంబరుతో మీ విరాళాన్ని ఆదాయపు పన్ను శాఖకు తెలియజేసి, అందుకు ధ్రువపత్రాన్ని మీకు ఇవ్వాలి. అది లేకుండా వట్టి రసీదు చాలదు. ఇంత చిన్న విషయంలో దాతకు తప్పు చెప్పే సంస్థ పెద్ద విషయాల్లో నిజం చెబుతుందని నేను నమ్మలేను.

ప్రశ్న: మాది అలంపూర్ దగ్గరి ఊరు. 2009 అక్టోబరు వరదల్లో మా ఇల్లు మునిగిపోయింది. అప్పుడు నాకు పదకొండేళ్లు. ఒక సంస్థ వారు బియ్యం, దుప్పట్లు పంచుతూ, వరుసలో నిలబడి చేయి చాపిన మా అమ్మను ఫొటో తీశారు. ఈమధ్య వేరే రాష్ట్రంలో వచ్చిన వరదలకు అదే సంస్థ విరాళాలు అడుగుతూ ఇచ్చిన ప్రకటనలో మా అమ్మ బొమ్మ చూశాను. అమ్మ పోయి మూడేళ్లయింది. ఆమె జీవితమంతా కూలి చేసి బతికింది గానీ ఎవరి ముందూ చేయి చాపలేదు, ఆ నాలుగు రోజులు తప్ప. ఆ బొమ్మతో ఎంత వసూలు చేశారో, ఏం చేశారో అడిగే హక్కు నాకుందా? నేను దాతను కానుగదా?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరాన్ని చాలాసార్లు చదివాను. నీకా హక్కు ఉంది. దాత తన డబ్బు ఏమైందని అడుగుతాడు, నువ్వు మీ అమ్మ గౌరవం ఏమైందని అడుగుతున్నావు. సంస్థకు ఈ రెండు లెక్కలూ చెప్పవలసిన బాధ్యత ఉంది. రెండోది ఎవరూ అడగరన్న ధైర్యంతోనే ఇలాంటి సంస్థలు మీ అమ్మ బొమ్మను, నా ఊరి వంగిన నడుములను ఇన్నేళ్లు వాడుకోగలిగాయి.

ఆ వరదల్లో కృష్ణా తుంగభద్రలు రెండూ ఒక్కసారి పొంగి మీ ప్రాంతాన్ని ముంచెత్తిన రోజుల్లో, ఆ బియ్యమూ దుప్పట్లూ అవసరమయ్యాయన్నది నిజం, తెచ్చినవారిలో మంచివారు ఉన్నారన్నదీ నిజం. అయితే సాయం తీసుకున్నంత మాత్రాన తన ముఖం మీద హక్కు ఇచ్చేసినట్టు కాదు. మన నేల మీదే దీనికి ఒక నిదర్శనం ఉంది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ముందు దళిత కుటుంబాల వారు తమకు ఎంత భూమి కావాలో తామే లెక్కవేసి 80 ఎకరాలు అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానంలో ఆ తర్వాత కాగితాల మీదే మిగిలిపోయిన ఎకరాలు ఎన్నో ఉన్నాయి, అది వేరే దుఃఖం. కానీ ఆ మొదటి రోజున అడిగినవారు తమ నోటితో తాము అడిగారు, ఇచ్చినవారు వారి ఎదుట నిలబడి ఇచ్చారు. మీ అమ్మ నిలబడిన వరుసలో, ఆమెకు ఏం కావాలో అడిగినవారు లేరు, ఫొటో తీయవచ్చునా అని అడిగినవారూ లేరు.

ఇప్పుడు చేయవలసినది చెబుతాను. ఆ ప్రకటనను తేదీతో సహా భద్రపరుచుకో. సంస్థ ప్రధాన కార్యాలయానికి స్పీడ్ పోస్టులో ఉత్తరం రాయి: ఈ ఫొటో 2009లో ఫలానా ఊళ్లో తీసినది, ఇందులో ఉన్నది మా అమ్మ, దీన్ని వాడుకోవడానికి ఆమె అనుమతి మీ దగ్గర ఉంటే చూపండి, లేకపోతే అన్ని చోట్ల నుంచీ తీసేయండి, 2009లో మా ప్రాంతం పేరిట వసూలైన మొత్తమెంతో, అక్కడ ఖర్చయినదెంతో తెలపండి. వేరే విపత్తు బొమ్మను ఈ విపత్తుదిగా చూపడం దాతలను తప్పుదారి పట్టించడమే గనుక, ప్రకటనల మీద ఫిర్యాదులు పరిశీలించే అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు (ఆస్కీ) కూడా రాయవచ్చు. ఆ సంస్థ ప్రభుత్వ నిధులతో గణనీయంగా నడిచేదైతే సమాచార హక్కు చట్టం కింద కూడా అడగవచ్చు; అలాంటి ప్రభుత్వేతర సంస్థలకు ఆ చట్టం వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు డీఏవీ కళాశాల కేసులో చెప్పింది.

ఉత్తరం రాయడంలో సాయం కావాలంటే ఈ శీర్షికకు ఒక కార్డు వేయి, నేను నీతో కూర్చుని రాస్తాను. వాళ్ల జవాబు వచ్చాక, నీకు ఇష్టమైతే, ఇక్కడే అచ్చు వేద్దాం. మీ అమ్మ బొమ్మను మాత్రం వేయను.