ముందు గ్రైండర్ కొనుక్కో

చిరంజీవికి ఆశీస్సులు.

ఇంట్లోనే కాఫీ చేసుకోవాలని ఉందనీ, ఏ పరికరం కొనమంటారనీ అడిగావు. పరికరం కన్నా ముందు గింజలను సమానంగా పొడి చేసే గ్రైండర్, గ్రాములు చూపే చిన్న త్రాసు కొనుక్కో. పొడిలో కొంత బరకగా, కొంత పిండిలా ఉంటే, బరక పలుకుల నుంచి సారం చాలినంత దిగక పులుపు, మెత్తటి దాని నుంచి మితిమీరి దిగి చేదు, రెండూ ఒకే కప్పులోకి చేరతాయి. ఎంత ఖరీదైన యంత్రమైనా దానిని సరిచేయలేదు. ఈ సంగతి తెలియక నేను ఏళ్ల తరబడి గింజలనే తప్పుపట్టాను.

కొలతకు లీటరు నీటికి 60 గ్రాముల పొడితో, అంటే 250 మిల్లీలీటర్లకు 15 గ్రాములతో మొదలుపెట్టు. నీటి వేడి 90 నుంచి 96 డిగ్రీల మధ్య ఉంటే చాలు. గింజలు బాగా నల్లగా వేగినవైతే కాస్త తగ్గించు.

మొదట, పాత్రలో నానిన పొడిని జల్లెడతో అడుగుకు నొక్కి కాఫీని వేరుచేసే ఫ్రెంచ్ ప్రెస్‌తో నేర్చుకోమంటాను. అందులో పొడి, నీరు 4 నిమిషాలూ కలిసే ఉంటాయి కాబట్టి చేయి తిరగనివారికి కూడా రుచి నిలకడగా వస్తుంది. జర్మనీలో మెలిట్టా బెంట్జ్ 1908లో తెచ్చిన కాగితపు వడపోతకు మాత్రం ఓపిక కావాలి: ముందు పొడి తడిసేంత నీరే పోసి, అర నిమిషం ఆగాలి. లోపలి బొగ్గుపులుసు వాయువు బయటికి వస్తూంటే తాజా పొడి పొంగుతుంది. ఆ పొంగు చూడడమే నాకు ప్రతి ఉదయమూ ఒక సంతోషం. కొలెస్ట్రాల్‌ను పెంచే నూనె పదార్థాలను కాగితం చాలావరకు ఆపుతుంది కనుక, ఆ ఇబ్బంది ఉన్నవారికి ఇదే మేలు. చిక్కటి కాఫీ కావాలంటే, కింది అరలోని నీరు ఆవిరి ఒత్తిడికి పొడి గుండా పై అరలోకి ఎక్కే మోకా పాత్ర ఉంది; సన్నని మంట మీద పెట్టి, బుడబుడ చప్పుడు మొదలవగానే దించేయి.

రుచి కుదరనప్పుడు ఒకేసారి అన్నీ మార్చకు. పుల్లగా ఉంటే పొడిని కొంచెం మెత్తగా, చేదుగా ఉంటే కొంచెం బరకగా చేసి, మిగిలినవన్నీ అలాగే ఉంచి, ఏం మార్చావో రాసిపెట్టుకో.

పాలు, చక్కెర కలుపుకోవడం తక్కువతనమని ఎవరైనా అంటే పట్టించుకోకు. నేను వట్టి కాఫీయే తాగినా, నీ నాలుకకు నచ్చినదే నీ కాఫీ. అయితే పాలు లోపాలను కప్పేస్తాయి కాబట్టి, నేర్చుకునే రోజుల్లో ఒక గుక్క వట్టిగా రుచి చూసి, ఆ తర్వాతే కలుపుకో. మొదటి వారం రాసుకున్న కాగితం నాకు పంపితే, తర్వాత ఏం మార్చాలో ఇద్దరం కలిసి చూద్దాం.